ఇల్లు కోల్పోయిన షూనేమీయురాలు

(ఈ నెల సంఘ పాఠము)

పఠన భాగములు: 2 రాజులు 4:8–17, 8:1–6, లేవీయకాండము 25:29–35, యెషయా 58:6–12, మీకా 2:1–9.

పాఠ్యోద్దేశము: మన గ్రామములలో నిలువ నీడలేని వారెవరో గుర్తించుట, వారి పక్షమున సంఘము చేయదగిన పనిని తెలిసికొనుట.



షూనేమీయురాలు అనగానే మనకు జ్ఞాపకము వచ్చునది మేడమీది చిన్న గది. మంచము, బల్ల, పీట, దీపస్తంభము అను నాలుగు వస్తువులను మన ఆదివార పాఠశాల పిల్లలు సహితము వరుసగా చెప్పగలరు. ఆతిథ్యమును గూర్చి ప్రసంగించు ప్రతి బోధకుడును ఈమెను పేర్కొనును. అది యుక్తమే. అయితే ఈమె చరిత్ర నాలుగవ అధ్యాయముతో ముగియలేదు. ఎనిమిదవ అధ్యాయములో ఆమె మరల కనబడుచున్నది. అక్కడ ఆమె ఇతరులకు గది యిచ్చు గృహిణి కాదు; తన యిల్లు, తన పొలము తనకు ఇప్పించుమని రాజు నెదుట మొఱపెట్టుచున్న స్త్రీ. ఈ రెండవ భాగమును మనము అరుదుగా చదువుదుము. ఈ నెల దానినే పాఠముగా తీసికొందము.

1. గది యిచ్చిన దానికే ఇల్లు కరవైనది

నాలుగవ అధ్యాయములో ఈమె ఘనురాలు. దారిన పోవు దైవజనునికి భోజనము పెట్టి, తరువాత అతని కొరకు ఒక గదియే కట్టించెను. అందుకు ప్రతిగా రాజుతోగాని సైన్యాధిపతితోగాని నీ విషయము మాటలాడవలెనా అని ఎలీషా అడిగించినప్పుడు, తాను తన స్వజనుల మధ్య కాపురమున్నానని మాత్రము ఆమె చెప్పెను (4:13). అనగా, నావారు నాకున్నారు, నాకు రాజుతో పనియేమి అని భావము. చేతినిండ కలిగి, చుట్టుప్రక్కల బంధువులున్న వారు ఎవరైనను అట్లే తలంతురు.

కొన్ని సంవత్సరములు గడచెను. దేశమునకు ఏడేండ్ల కరవు రాబోవుచున్నదని ఎలీషా ఆమెకు తెలిపి, ఇంటివారితో కూడ ఎక్కడికైన వెళ్లి బ్రదుకుమనెను. ఆమె ఫిలిష్తీయుల దేశమునకు వలసపోయి ఏడు సంవత్సరములు పరవాసిగా నుండెను. నాలుగవ అధ్యాయమునందే ఆమె భర్త వృద్ధుడని వ్రాయబడినది. ఎనిమిదవ అధ్యాయములో అతని మాట యెక్కడను లేదు. కుమారుని వెంటబెట్టుకొని తానే రాజునొద్దకు వచ్చుటను బట్టి ఆమె అప్పటికి విధవరాలై యుండునని తలంచుటకు వీలున్నది. తిరిగివచ్చి చూచునప్పటికి ఇల్లు ఆమె చేతిలో లేదు, పొలము ఆమె చేతిలో లేదు. ఎవరు ఆక్రమించిరో గ్రంథము చెప్పలేదు. స్వజనులని ఆమె నమ్మినవారు ఆ యూరిలోనే యుండి యుందురు. అయినను ఆమె యింటిని కాపాడి అప్పగించినవారు లేకపోయిరి.

ఇందులో మనకు మొదటి పాఠము ఉన్నది. ఇల్లు లేకపోవుట సోమరితనము వలననే కలుగునని కొందరు తలంతురు. షూనేమీయురాలు సోమరి కాదు, దుబారా చేసినది కాదు, భక్తిహీనురాలు కాదు. కరవు, వలస, ఇంటి పెద్ద లేకపోవుట అను మూడు కలసినప్పుడు ఘనురాలి యిల్లే నిలువలేదు. ఇక రెక్కాడినగాని డొక్కాడని వారి మాట యేమి?

2. మన ప్రాంతములో ఇల్లు లేనివారెవరు?

దృష్టాంతముగా దివిసీమను చూతము. పులిగడ్డ యొద్ద కృష్ణానది రెండు పాయలై సముద్రమును చేరుచుండగా ఆ రెంటి నడుమ నున్న పల్లపు నేల ఇది. నదియు సముద్రమును రెండును ఈ నేలకు అన్నము పెట్టుచున్నవి. రెండును ఇండ్లను కూల్చుచున్నవి. 1864వ సంవత్సరము నవంబరులో బందరు పట్టణమును ముంచిన ఉప్పెనను మన పెద్దలు తరతరములు చెప్పుకొనిరి. 1977వ సంవత్సరము నవంబరు 19వ తేదీ శనివారమునాడు వచ్చిన ఉప్పెన దివిసీమలోని నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ ప్రాంతములలో ఊళ్లకు ఊళ్లను తుడిచిపెట్టెను. ప్రభుత్వ లెక్కల ప్రకారమే సుమారు పదివేలమంది మరణించిరి. తాటాకు గుడిసెలలో నున్నవారే ఎక్కువగా కొట్టుకొనిపోయిరి. గట్టి కట్టడములను చేరగలిగినవారిలో పలువురు బ్రదికిరి. మరల 2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటి దినములలో ప్రకాశం బ్యారేజి యొద్ద 11 లక్షల 43 వేల క్యూసెక్కుల వరద వచ్చినప్పుడు దిగువ లంకలలో నీరు చొచ్చినది. ఎత్తైన అరుగు గలవారు అరుగుమీదికి ఎక్కిరి. అరుగే లేనివారు కరకట్ట ఎక్కిరి.

ఉప్పెనయు వరదయు అందరిమీదను వచ్చును. కాని అవి వెళ్లిన తరువాత అందరు ఒకే రీతిగా లేవలేరు. మన గ్రామములలో ఇల్లు నిలుపుకొనలేనివారిని ఈ క్రింది రీతిగా గుర్తింపవచ్చును.

మొదటివారు, స్థలమే లేనివారు. కాలువ గట్టుమీద, డ్రెయిను ప్రక్కన, రోడ్డు మార్జినులో గుడిసె వేసికొన్న కూలి కుటుంబములు. వీరిలో దళితులును, చేపలు పీతలు పట్టి జీవించు యానాదులును అనేకులు. కాలువ పూడిక తీయవలసి వచ్చినను, రోడ్డు వెడల్పు చేయవలసి వచ్చినను మొదట లేవవలసినది వీరే. కాలువ గట్టు నీటిపారుదల పోరంబోకు గనుక ఎన్ని యేండ్లున్నను అక్కడ పట్టా దొరకుట దుర్లభము.

రెండవవారు, ఒకే కప్పు క్రింద ఇరుకుకొనియున్నవారు. తండ్రికి ఎన్నడో మంజూరైన ఒక గది, వసారా ఇంట్లో ముగ్గురు కుమారులు, వారి భార్యాపిల్లలు. ఉప్పు గాలికిని ఉప్పు నీటికిని స్లాబులోని ఇనుము త్రుప్పుపట్టి ఉబ్బును. ఉబ్బిన ఇనుము సిమెంటును పెచ్చులుగా ఊడదోయును. ఇసుకలోను నీటిలోను ఉప్పు కలసియుండగా కట్టిన ఇంటికి ఈ చీడ మరి త్వరగా పట్టును. బయటికి అది పక్కా ఇల్లే. లోపల పండుకొన్నవారు పైకి చూచుచు భయపడుచు నిద్రించెదరు.

మూడవవారు, వృద్ధులు. ఇల్లు పిల్లల పేర వ్రాసియిచ్చి, తరువాత నెలకొక కుమారుని యింట వంతు చొప్పున తిరుగు తల్లులు మనకు తెలియనివారు కారు. నెల ముప్పది దినములైనచో ఫరవాలేదు. ముప్పదియొకటవ దినమున ఆ తల్లి ఎవరి గుమ్మములో నిలువవలెను?

నాలుగవవారు, విధవరాండ్రును, భర్త విడిచిపెట్టిన స్త్రీలును. అత్తవారింట భర్త పోయిన వెంటనే పరాయిది. పుట్టినింట అన్నదమ్ములకు బరువు. వీరు పశువుల చావిడిలో ఒక మూలనో, ఎవరి చూరుక్రిందనో పొయ్యి పెట్టుకొందురు.

ఐదవవారు, వలసపోయి తిరిగివచ్చినవారు. పని కొరకు ఇటుక బట్టీలకును పట్టణములకును వెళ్లి వచ్చునప్పటికి గుడిసె పడిపోవును, స్థలములో మరియొకరు దడి కట్టుకొందురు. షూనేమీయురాలి కథ అక్షరాల వీరి కథయే.

3. లెక్కలో కనబడనివారు

పట్టణములో ఇల్లు లేనివాడు ఫుట్‌పాతు మీద కనబడును. పల్లెలో కనబడడు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో మన దేశమందు ఇల్లు లేనివారు 17 లక్షలకు పైగా నున్నట్లు తేలెను. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్షకు మించియుండిరి. అయితే ఆ లెక్కలో ఇల్లు లేనివారనగా రోడ్డు ప్రక్కను, ప్లాట్‌ఫారముమీదను, గుడి మండపములలోను, వంతెనల క్రిందను, ఆరుబయట నుండువారు. ఒకరి వసారాలో పండుకొను విధవరాలు ఆ యింటిలో నున్నట్లే లెక్కకు వచ్చును. కొడుకుల యిండ్ల చుట్టు తిరుగు తల్లియు అంతే.

దీనిని బలపరచు సంగతి మరియొకటి కలదు. 2012వ సంవత్సరములో కేంద్ర ప్రభుత్వమువారు నియమించిన నిపుణుల సంఘము దేశములోని పట్టణములకు 1 కోటి 87 లక్షల ఇండ్లు తక్కువగా నున్నవని చెప్పెను. అందులో బొత్తిగా ఇల్లు లేని కుటుంబములు 5 లక్షల పైచిలుకు మాత్రమే. దాదాపు 1 కోటి 50 లక్షలు ఇరుకు యిండ్లలో క్రిక్కిరిసియున్న కుటుంబములే. అనగా ఇల్లు కావలసినవారిలో అధికులు ఎవరో ఒకరి కప్పు క్రిందనే యున్నారు. పల్లెలలో నిట్టి మరుగైన కొరతను కనుగొనుటకు ఊరివారి కంటె బాగుగా ఎవరు సమర్థులు? కార్యాలయపు పుస్తకములో లేని పేరు సంఘపు పుస్తకములో నుండవలెను.

4. ధర్మశాస్త్రమును ప్రవక్తలును ఇంటిని గూర్చి చెప్పినది

దేవుడు ఇశ్రాయేలీయులకు ఇచ్చిన విధులలో ఇంటిని గూర్చినవి అనేకములు. వాటిలో కొన్ని గమనింతము.

ఇల్లు పోకుండ కాపు: లేవీయకాండము 25:29–31 చదువుడి. ప్రాకారముగల పట్టణములోని ఇల్లు అమ్మినయెడల సంవత్సరములోపల విడిపించుకొనవలెను. లేనియెడల అది కొన్నవానిదే యగును. అయితే ప్రాకారములేని పల్లెలోని ఇల్లు పొలముతో సమానము. ఎప్పుడైనను విడిపించుకొనవచ్చును, సునాదకాలమున అది తిరిగి సొంతవానికి చేరవలెను. గొప్పవాని పట్టణపు మేడకంటె పల్లెటూరి పేదవాని యింటికే ధర్మశాస్త్రము ఎక్కువ కాపుదల యిచ్చినది.

ఇంటి గడప గౌరవము: అప్పిచ్చినవాడు తాకట్టు తెచ్చుకొనుటకు అప్పుగొన్నవాని యింట చొరరాదు, బయట నిలువవలెను (ద్వితీయోపదేశకాండము 24:10–11). అప్పులపాలైనవాని గడపకు సహితము గౌరవము కలదు.

ఇంటి భద్రత: క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెను (22:8). పైనుండి ఎవడైన పడినయెడల దోషము ఇంటివానిమీదనే యుండును. ఏదో ఒక కప్పు ఉన్నది చాలును అని దేవుడు అనలేదు. అది ప్రాణమును కాపాడు కప్పు కావలెను.

ఇంటి పరీక్ష: లేవీయకాండము 14:33–53లో ఇంటి గోడకు పొడ వచ్చినయెడల యాజకుడే వెళ్లి చూడవలెననియు, చెడిన రాళ్లు తీయించి వేరు రాళ్లు చేర్పించి మరల గిలాబా చేయింపవలెననియు విధింపబడినది. యాజకుని పని బలిపీఠము యొద్దనే కాదు, గోడల యొద్దకు కూడ పోయినది. కాపరులారా, సంఘ పెద్దలారా, ఇండ్ల ప్రార్థనకు వెళ్లినప్పుడు కన్నులు మూయకముందు ఒకసారి కప్పువైపు చూడుడి.

ప్రవక్తల మాట ఇంకను ఘాటైనది. ఇంటికి ఇల్లు, చేనికి చేను కలుపుకొనువారికి యెషయా శ్రమ ప్రకటించెను (5:8). స్త్రీలను వారి కిష్టమైన యిండ్లలోనుండి వెళ్లగొట్టువారిని మీకా గద్దించెను (2:9). దిక్కులేని పేదలను ఇంట చేర్చుకొనని ఉపవాసము దేవునికి ఇష్టము కాదని యెషయా 58వ అధ్యాయము బోధించుచున్నది. విధవరాండ్ర యిండ్లను మ్రింగుచు దీర్ఘ ప్రార్థనలు చేయువారిని ప్రభువు తానే ఖండించెను (మార్కు 12:40). సత్రములో స్థలము దొరకనందున పశువుల తొట్టిలో పరుండబెట్టబడినవాడు, పెద్దవాడైన తరువాత తల వాల్చుకొను స్థలము లేనివాడు, ఈ సంగతిని కేవలము విని చెప్పలేదు, అనుభవించి చెప్పెను.

హగ్గయి దినములలో జనులు తమ యిండ్లకు సరంబీలు వేసికొని దేవుని మందిరమును పాడుగా విడిచిరి. మన దినములలో కొన్ని యూళ్లలో దీనికి వ్యతిరేకము జరుగుచున్నది. మందిరమునకు మెరుగు బండలు, గోపురము. మందిరపు గోడ ప్రక్కనే విధవరాలి గుడిసెకు కమ్మ కప్పుటకు దిక్కులేదు. మందిరము కట్టుట తప్పని ఎవరును చెప్పరు. రెంటిలో ఒకటి మరచుట తప్పని హగ్గయి కాలమే నేర్పుచున్నది.

5. దేశపు చట్టములో ఉన్న ఆధారము

షూనేమీయురాలు ఏడ్చుచు ఇంట కూర్చుండలేదు, రాజునొద్దకు వెళ్లినది. న్యాయము అడుగుట అవిశ్వాసము కాదు. మనకును చట్టములు కలవు. వాటిని ఎరుగుట మేలు.

భారత సర్వోన్నత న్యాయస్థానము చమేలీ సింగ్ వ్యాజ్యములో 1995వ సంవత్సరము డిసెంబరున ఇచ్చిన తీర్పులో నివాసము జీవించు హక్కులోనిదే యని చెప్పెను. నివాసమనగా నాలుగు గోడలు, కప్పు మాత్రమే కావనియు, తగినంత చోటు, గాలి, వెలుతురు, నీరు, పారిశుద్ధ్యము, దారి అందులో చేరియున్నవనియు వివరించెను. ఉత్తరప్రదేశ్‌లో దళితులకు ఇండ్లస్థలముల కొరకు ప్రభుత్వము భూమిని సేకరింపగా భూమిగలవారు వేసిన వ్యాజ్యమది. న్యాయస్థానము సేకరణనే నిలువబెట్టెను.

ఇండ్లు కట్టించు పథకములు గూడ కలవు. 1985లో ఇందిరా ఆవాస్ యోజన మొదలైనది. 2016లో దాని స్థానమున ప్రధానమంత్రి ఆవాస్ యోజన గ్రామీణ విభాగము వచ్చినది. అప్పటి నియమముల ప్రకారము ఇల్లు 25 చదరపు మీటర్లకు తగ్గరాదు, మైదాన ప్రాంతములలో సాయము 1 లక్షా 20 వేల రూపాయలు. మన రాష్ట్రములో 2020వ సంవత్సరము డిసెంబరు 25న ఆరంభించి 30 లక్షలకు పైగా ఇంటి పట్టాలు ఇచ్చు కార్యక్రమము జరిగినది. పల్లెలలో సెంటున్నర, పట్టణములలో సెంటు చొప్పున ఇచ్చిరి. సెంటున్నర అనగా సుమారు 72 చదరపు గజములు. ఎన్నడును గజము నేల లేనివారికి ఇది కొంచెము కాదు. అయినను స్థలము పల్లములో పడినచోట మెరక తోలించుటకే పేదవాని చేతిలోనిది కరగిపోయినది. మరియు బిల్లు పునాది లేచిన తరువాత, గోడలు లేచిన తరువాత వచ్చును గనుక మొదటి పెట్టుబడి యింటివాడే పెట్టవలెను. అది లేనివాడు వడ్డీకి తెచ్చును, లేదా పట్టా పెట్టెలో పెట్టి గుడిసెలోనే యుండును. పునాదితో ఆగిన యిండ్లు మన లేఅవుట్లలో కనబడుటకు కారణము ఇదే. సరిగా ఇక్కడనే సంఘపు చేయూత అక్కరకు వచ్చును.

విధవరాలి భాగమును గూర్చి: క్రైస్తవ కుటుంబములకు వర్తించు 1925 నాటి భారత వారసత్వ చట్టము ప్రకారము భర్త వీలునామా వ్రాయక చనిపోయి, పిల్లలున్నయెడల, ఆస్తిలో మూడవవంతు భార్యది. మిగిలిన రెండు వంతులు పిల్లలవి. అందులో కుమారులకును కుమార్తెలకును సమభాగము. హిందువులకు వర్తించు 1956 నాటి చట్టములోను వీలునామా లేనప్పుడు భర్త స్వార్జితములో విధవరాలికి పిల్లలతోపాటు ఒక భాగము కలదు. ఏ చట్టమును విధవరాలిని వట్టి చేతులతో పంపలేదు.

వృద్ధులను గూర్చి: 2007వ సంవత్సరపు తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము ప్రకారము 60 ఏండ్లు నిండి, తమ సంపాదనతోగాని ఆస్తితోగాని పోషించుకొనలేనివారు పిల్లలనుండి పోషణ కోరవచ్చును. అర్జీ ఆర్‌.డి.ఓ. స్థాయి అధికారి అధ్యక్షతనుండు ట్రిబ్యునలులో ఇయ్యవలెను. తమ్మును చూచుకొనవలెనను షరతుతో ఇల్లు వ్రాసియిచ్చిన తరువాత పిల్లలు చూడనియెడల ఆ దస్తావేజును రద్దుపరచుకొనుటకు ఈ చట్టములో వీలున్నది. కావున ఇల్లు వ్రాసియిచ్చు తల్లిదండ్రులు ఆ షరతును దస్తావేజులోనే స్పష్టముగా వ్రాయించుకొనుట క్షేమము. నోటిమాట కోర్టులో నిలుచుట కష్టము.

న్యాయవాదికి రుసుము ఇచ్చుకొనలేమని భయపడవద్దు. 1987 నాటి న్యాయ సేవాధికార చట్టము క్రింద స్త్రీలకును, షెడ్యూల్డు కులములు తెగలవారికిని, తుఫాను వరదల బాధితులకును ఉచిత న్యాయ సహాయము దొరకును. కోర్టు ఆవరణలోని న్యాయ సేవా కమిటీవారిని అడుగవలెను.

6. సాక్ష్యము పలికిన గేహజీ

ఇప్పుడు 2 రాజులు 8:4–6కు మరలి రండి. ఆమె రాజునెదుటికి వచ్చు సమయమునకే గేహజీ అక్కడ నుండెను. ఎలీషా చేసిన గొప్ప కార్యములను రాజు అడుగుచుండగా అతడు చెప్పుచుండెను. చనిపోయిన బిడ్డ బ్రదికిన సంగతి చెప్పుచుండగనే ఆ బిడ్డ తల్లి కుమారునితో వచ్చి మొఱపెట్టెను. ఈమెయే ఆ స్త్రీ, ఈతడే ఆ కుమారుడు అని గేహజీ సాక్ష్యమిచ్చెను. రాజు ఆమెను విచారించి, ఒక అధికారిని ఆమెకు నియమించి, ఆమెది యావత్తును తిరిగి ఇప్పించుటయేగాక ఆమె దేశము విడిచిన నాటినుండి పొలమునకు వచ్చిన పంట రాబడిని సహితము ఇప్పించెను.

ఇక్కడ నాలుగు సంగతులు కనబడుచున్నవి. ఆమె తానే వెళ్లి అడిగినది. ఎరిగినవాడొకడు ఆమె పక్షమున నోరు తెరచెను. పాలకుడు ఊరకుండక విచారించెను. ఆ పని జరిగించుటకు ఒక అధికారి నియమింపబడెను. ఈ నాలుగింటిలో ఒకటి తప్పినను ఆమె యింటికి తిరిగి చేరియుండదు.

ఇందులో మన భాగము గేహజీ భాగము. గేహజీ గొప్ప పరిశుద్ధుడు కాడు. నయమాను యొద్ద వస్త్రములకును వెండికిని ఆశించినవాడు. అట్టివాని నోటి సత్యమును గూడ దేవుడు ఒక స్త్రీ యింటికొరకు వాడుకొనెను. మనము ఘనులము కానక్కరలేదు. ఈమె మా యూరిది, ఈ స్థలములో ఇన్నేండ్లు కాపురమున్నది, మేమెరుగుదుము అని తహశీల్దారు కచేరిలోనో గ్రామ సచివాలయములోనో నిలిచి చెప్పగలిగిన ఒక మనిషి చాలును. అనేక అర్జీలు అబద్ధమైనందున కాదు, వెంట వచ్చు మనిషి లేనందున ఆగిపోవుచున్నవి.

7. ఈ నెలలో సంఘములు చేయదగిన పనులు

(అ) జాబితా: స్త్రీల సమాజమువారును యువజనులును ఇద్దరిద్దరుగా వెళ్లి పేటలోని ప్రతి యింటిని చూడవలెను. కులమతములు చూడక, పైన చెప్పిన ఐదు విధములవారి పేర్లు వ్రాయవలెను. యానాదుల గుడిసెలను విడువవద్దు. ఆ జాబితాను గుడిలో చదివి ఎవరినీ సిగ్గుపరచవద్దు. పెద్దల యొద్ద మాత్రము ఉంచవలెను.

(ఆ) కాగితములు: ఇంటి పెద్ద చనిపోయినయెడల 21 దినములలోగా మరణము నమోదు చేయించవలెను. విధవరాలి పింఛనుకును, ఇంటి పేరు మార్పుకును, వారసత్వపు కాగితమునకును మొదటి మెట్టు ఆ మరణ ధ్రువపత్రమే. భూస్థాపన కూటము ముగిసిన వారములోనే ఒక పెద్ద ఈ పని చూచిన యెడల ఆ యింటికి ఎంతో ఆదరణ.

(ఇ) వెంట వెళ్లుట: జిల్లా కలెక్టరు కార్యాలయములో సోమవారమున అర్జీలు తీసికొనుచున్నారు. ముసలివారిని ఒంటరిగా బస్సెక్కింపక ఒక యువకుడు తోడు వెళ్లవలెను. అర్జీ నకలును, వారిచ్చిన రసీదును దాచవలెను.

(ఈ) చేతిపని: తొలకరికి ముందు కప్పు వేయుట, నవంబరు తుఫానులకు ముందు వాసములను నిట్రాటికిని గోడకును గట్టిగా బిగించి కట్టుట, అరుగు ఎత్తు చేయుట, ఇవి డబ్బుకంటె రెక్కలు కోరు పనులు. నాలుగు వైపులకు వాలిన కప్పు రెండు వాలుల కప్పుకంటె గాలికి మేలుగా నిలుచునని మరువవద్దు. సంఘములో తాపీ పనివారు, వడ్రంగులు ఉన్నారు. నెలకు ఒక దినము వారు ఇచ్చినయెడల సంవత్సరమునకు కొన్ని యిండ్లైనను నిలువగలవు.

(ఉ) చేబదులు: బిల్లు వచ్చువరకు పునాదికి చాలిన సొమ్ము వడ్డీలేకుండ ఇచ్చు చిన్న నిధిని కోత పండుగ కానుకలలోనుండి ఏర్పరచవచ్చును. బిల్లు వచ్చిన వెంటనే తిరిగి చెల్లించు ఏర్పాటును పెద్దల యెదుట వ్రాసికొనవలెను. ఒకరు చెల్లించిన దానితో మరియొకరి పునాది లేచును.

(ఊ) ఒక గది: ఎలీషాకు ఇయ్యబడినది మేడ కాదు, ఒక గది. తుఫాను రాత్రులలో మందిరపు తలుపు ఎవరు తెరతురో, తాళపు చెవి ఎవరి యొద్ద ఉండునో ముందుగనే నిర్ణయించుకొనుడి. వంతు తప్పిన ఒక తల్లికి తన వసారాలో మంచము వేయగల కుటుంబము మన సంఘములో ఒకటైనను లేదా?

ఆలోచించి చెప్పుకొనుటకు ప్రశ్నలు

1. తనకు రాజుతో పనిలేదని నాలుగవ అధ్యాయములో తలంచిన స్త్రీ ఎనిమిదవ అధ్యాయములో రాజునొద్దకు వెళ్లవలసి వచ్చుటకు కారణములేవి?
2. పల్లెలోని ఇంటికి లేవీయకాండము 25వ అధ్యాయము ఇచ్చు కాపుదల యేమి? నేడు మన యూరిలో అట్టి కాపుదల యెవరికి అవసరము?
3. మన పేటలో ఒకరి చూరు క్రింద జీవించుచున్నవారు ఎందరు? వారి పేర్లు మనకు తెలియునా?
4. మన యిండ్లలో వృద్ధులు వంతులమీద తిరుగుచున్నారా? ఈ ప్రశ్నకు జవాబు బయట చెప్పనక్కరలేదు. ఇంటికి వెళ్లి ఇంట చెప్పుకొనవలెను.
5. యాకోబు 2:15–16 చదువుడి. బట్టలను, ఆహారమును గూర్చిన ఆ మాటలను ఇంటిని గూర్చి చదివినయెడల మన ప్రార్థన కూటములకు ఏమి బోధ కలుగును?

ప్రార్థనాంశములు

నదీతీరమునను సముద్రతీరమునను పల్లపు గుడిసెలలో నున్నవారి కొరకు. వర్షపు రాత్రులలో పిల్లలను ఒడిలో నుంచుకొని మేలుకొనియుండు తల్లుల కొరకు. ఇంటినుండి వెళ్లగొట్టబడిన వృద్ధుల కొరకు. అర్జీలు విచారించు అధికారులకు దయయు, ధర్మబుద్ధియు కలుగునట్లు. పట్టాలు పొందినవారు అప్పులపాలు కాక ఇండ్లు కట్టుకొనునట్లు. మరియు సాక్ష్యము పలుకవలసిన చోట మన నోరు మూసికొనకుండునట్లు ప్రార్థింతము.

ప్రార్థించి లేచిన తరువాత జాబితా వ్రాయుటకు కాగితమును కలమును తీసికొనుట మరువకుందుము గాక.